మబ్బు ఒంట్లోని లంక

ఆ రోజు మా ఇంట్లో జున్ను గడ్డకట్టలేదు.

నల్లపూస ఈనింది. తొలిచూలు గేదె, పుట్టింది పెయ్యదూడ. అంతకంటే శుభం ఏముంటుంది? మా అత్త మంగతాయారు ముర్రుపాలు పితికి, బెల్లం తరిగి వేసి, మిరియాలు దంచి కలిపి, ఇత్తడి గిన్నెలో పోసి ఆవిరికి పెట్టింది. నేను చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని పొయ్యికి దూరంగా, పొగ తగలని చోట కూర్చున్నాను. వాసన బాగానే వచ్చింది. మూత తీసి చూస్తే మాత్రం పాలు పాలలాగే ఉన్నాయి. గరిటె ముంచితే జారిపోయాయి.

"నీళ్ళు కలిపావేటే, భవానీ?" అంది అత్త.

"నేనెందుకు కలుపుతానత్తా? పితికిందీ నువ్వే, పోసిందీ నువ్వే."

"గిన్నెలో తడుండుంటాది. గిన్నె ఎవరు తోమేరు?"

"మీ అబ్బాయి."

గుమ్మం దాకా వచ్చిన మా ఆయన ఆ మాట వినగానే వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఇంకోసారి కాచినా అదే వరస. గేదె ఈనితే మా వైపు వీధి వీధంతా జున్ను పంచాలి. పంచకపోతే పొదుగు ఎండిపోతుందని నమ్మకం. నమ్మకం సంగతి అలా ఉంచి, ఊళ్ళో తల ఎలా ఎత్తుకుంటాం?

అత్త కాసేపు గిన్నె వైపు చూసి, గొంతు తగ్గించి అంది. "రెండు గుడ్లు కొట్టి కలిపెయ్. ఎవుడికి తెలుత్తాది?"

గుడ్డు మాట ఆవిడకి అంత తొందరగా ఎలా తట్టిందో నాకు అప్పుడు అనుమానం రాలేదు. కలిపాను. గట్టిపడింది. చిన్న చిన్న గిన్నెల్లో సర్ది, మీద విస్తరాకు ముక్కలు కప్పి వీధంతా పంచాం. పశువుల డాక్టరు జిలానీ గారికని ఒక గిన్నె విడిగా ఉంచాం. ఆయన రేవు దాటి మా జమ్ములంకకి వచ్చిన ప్రతిసారీ ఎవరింట్లో జున్ను ఉన్నా తీసి పెట్టడం మా అందరికీ అలవాటు.

మా అమ్మ చేసే జున్ను అలా ఉండేది కాదు. కత్తితో కోస్తే అంచు నిలబడేది. పళ్ళెం వంచినా కదిలేది కాదు. దూడ కడుపునిండా తాగి పక్కకి తిరిగాకే అమ్మ గిన్నె పట్టుకుని పొదుగు దగ్గరికి వెళ్ళేది. ముందే చెయ్యి పెట్టామా, ఆ చెయ్యి విరగ్గొట్టేది. "ఆ పాలు దానికోసం దిగినయ్యి. మనకి మిగులు," అనేది.

అది రెల్లులంకలో. ఇప్పుడు ఆ లంక లేదు. గోదారి ఏటికింత కోసుకుంటూ పోయి, ముందు పడమటి పల్లం, తర్వాత మా చెరుకు చేను, ఆఖరికి ఇల్లు, అన్నీ లోపలికి లాగేసుకుంది. నాన్న బతికున్నప్పుడు ఎప్పుడైనా పంటు మీద అటుగా వెళ్తే, నీళ్ళ మీదకి వేలు చూపించి "అదుగో, అక్కడే మన పశువుల పాక," అనేవాడు. పంటులో వాళ్ళంతా అటు తిరిగి చూసేవాళ్ళు. వాళ్ళకి నీళ్ళు తప్ప ఏమీ కనిపించేది కాదు. నాకు పాక కనిపించేది.

ఆ పాకలోంచి మిగిలింది మబ్బు ఒక్కటే. గాలికుంటు వచ్చిన ఏడు మా పశువులన్నీ నోళ్ళు పుండ్లై, గిట్టలు కుళ్ళి కూలబడ్డాయి. కాళ్ళు కడిగి వేపనూనె రాయడానికి మనుషులు చాలక నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. మళ్ళీ వెళ్ళలేదు. ఆ ఏడు పాకలో లేచి నిలబడ్డది మబ్బే. అప్పటికి అది ఇంకా ఈనని పడ్డ. తర్వాత నా పెళ్ళికి అమ్మ దాన్నే అరణంగా ఇచ్చింది. పంటు ఎక్కించేటప్పుడు దాని గంగడోలు నిమురుతూ, "ఇదున్నన్నాళ్ళూ నీకు పుట్టిల్లున్నట్టే," అంది. లంక పోయి, అమ్మా నాన్నా కూడా పోయాక ఆ మాట నిజంగానే నిజమైంది.

ఇక్కడికి వచ్చాక మబ్బు నల్లపూసని ఈని, ఆ తర్వాత వట్టిపోయింది. మా అత్త రోజూ గడ్డి వేస్తూ గొణిగేది. "పాలియ్యదు, పన్జెయ్యదు. మీ పుట్టింటోళ్ళు మాకు గేదెనిచ్చేరా, అత్తగారినిచ్చేరా?"

నల్లపూస పెయ్యగా ఉన్నప్పుడే మా ఊరికి కాపుపట్టీలు వచ్చాయి. చుట్టూ నీళ్ళున్న లంక కాబట్టి, బయటి పశువు కలవదు కాబట్టి, ఒడ్డునున్న పరిశోధన కేంద్రం వాళ్ళు ముందుగా మమ్మల్ని ఎంచుకున్నారు. జిలానీ గారు కనిపెట్టిందే ఆ పట్టీ. మెడకి కడితే లోపలి సన్నటి ముల్లు ఎప్పటికప్పుడు రక్తాన్ని రుచి చూస్తూ ఉంటుంది. కొత్త రోగపు క్రిమి ఏది కనబడినా అక్కడికక్కడే మాడ్చేస్తుంది. పని చేస్తున్నంతసేపూ ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. దాని ధర్మమా అని గాలికుంటు లేదు, గొంతువాపు లేదు, ఈగ కరిచిన పుండు కూడా మర్నాటికి ఎండిపోయేది. గిట్టలు కడిగి కడిగి చేతులు పాసిపోయిన నాలాంటిదానికి అది దేవుడి మొలతాడులా కనిపించింది. వట్టిపోయిన వాటికీ మెడ గట్టిపడని దూడలకీ మాత్రం పట్టీ ఇవ్వలేదు.

నేను కడుపుతో ఉన్నప్పుడు జిలానీ గారిని అడిగాను కూడా. "ఇలాంటిది పిల్లలకి వత్తాదాండీ?"

"రావచ్చమ్మా. ఆ పని కూడా మొదలెట్టాం," అన్నారు నవ్వుతూ.

ఆ రోజు నుంచీ దానికోసమే ఎదురుచూశాను. చంటిది పుట్టాక దాన్ని నేల మీద దింపలేదు. తాగే నీళ్ళే కాదు, పోసే నీళ్ళు కూడా కాచేదాన్ని. తుమ్మితే చాలు, నుదురు పట్టుకుని కూర్చునేదాన్ని. "దాన్ని ఉట్టి మీదెట్టి పెంచు. పెళ్ళికి దింపుదాం," అనేది అత్త.

*

నల్లపూస దూడ రెండు రోజులు గంతులేసింది. ఆ తర్వాత తల వేలాడేసింది. పాలు తాగదు, అరవదు. చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. అత్త ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది. నేను జిలానీ గారికి ఫోన్ చేశాను.

ఆయన మధ్యాహ్నం పడవకి వచ్చారు, భుజాన ఒక పెట్టె వేసుకుని. వెనకే వీధిలోని ఆడవాళ్ళు నలుగురైదుగురు పాక దగ్గరికి చేరారు. ఆయన దూడకి థర్మామీటరు పెట్టి చూసి, "జ్వరం లేదు," అన్నారు.

"అమ్మయ్య," అన్నాను.

"అమ్మయ్య కాదమ్మా. లోపల ఇంత రోగం పెట్టుకుని జ్వరం రాలేదంటే ఒళ్ళు పోట్లాడటం లేదన్నమాట. దొంగ ఇంట్లో తిరుగుతున్నా కుక్క మొరగట్లేదు."

పెట్టె తెరిస్తే లోపల ఒక నల్లటి అద్దం ఉంది. ఒంటికి ఏ ఏ రోగాల మొహం తెలుసో అది చూపిస్తుందట. తెలిసిన రోగానికో వెలుగు చుక్క. దూడ రక్తం బొట్టు వేశారు. అద్దం నల్లగానే ఉండిపోయింది. ఒక్క చుక్క లేదు.

"ముర్రుపాలు తాగిందా?"

"కడుపునిండా తాగిందండి. అది తాగేకే పితికేం," అంది అత్త.

నల్లపూస రక్తం కూడా వేసి చూశారు. అదీ నలుపే. జిలానీ గారు అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ చూశారు.

"దూడ పుట్టేటప్పటికి దాని ఒంట్లో ఏ కాపలా ఉండదు. తల్లి తను పడ్డ రోగాల గుర్తులన్నీ ముర్రుపాలల్లో దించుతుంది. ఆ పాలు చిక్కగా ఉండేది అందుకే. జున్ను కట్టేదీ అందుకే. కానీ ఈ ఊళ్ళో జున్ను బాగానే కడుతోంది కదా! పట్టీల వల్ల పాలల్లో కాపలా తగ్గుతుందేమోనని మా కేంద్రంలో ఒకరు అనుమానపడితే, నేనే కొట్టిపారేశాను. నేను స్వయంగా తిన్నాను, రాయిలా కడుతోంది అని."

ఎదురింటి సూరాయమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏంటమ్మా?" అన్నారాయన.

"గుడ్డండీ బాబూ," అంది సూరాయమ్మ. "మీరు మా ఇంట్లో తిన్నది కోడిగుడ్డు."

"మీ ఇంట్లోనూనా?" పక్కనున్న వరాలు గట్టిగా అరిచింది. "మా గేదెకే ఏదో తేడా చేసిందని నేను మా ఆయనక్కూడా చెప్పలేదే తల్లీ! కొట్లో దొరికే చైనాగడ్డి పొడేసి గట్టిపరిచేను."

"చైనాగడ్డా? అందుకే కాబోలు నీ జున్ను నేల మీద పడితే ఎగిరింది."

"నీదాన్ని పిల్లి కూడా ముట్టలేదు, నువ్వు మాటాడకు!"

ఒక్కసారిగా అందరూ నవ్వారు. జిలానీ గారికి కూడా నవ్వు ఆగలేదు. పట్టీతో పెరిగిన పెయ్యలు ఈనడం మొదలైన దగ్గర నుంచీ ఏ ఇంట్లోనూ జున్ను కట్టలేదు. ఎవరికి వాళ్ళు తమ గేదెదే తప్పనుకున్నారు. ఎవరికి వాళ్ళు గుడ్డు కొట్టి కలిపారు. వాళ్ళు పంచిన గిన్నెల్లో గుడ్డు వాసన మా అత్త ముందే పసిగట్టి ఉంటుంది. పంచడం మాత్రం ఎవరూ మానలేదు.

నవ్వు ఆగాక వరాలు మెల్లగా అంది. "మా దూడ చలికి పోయిందనుకున్నాం."

"మాది దిష్టి తగిలిందనుకున్నాం," అంది సూరాయమ్మ.

జిలానీ గారు వరిగడ్డి మోపు మీద కూలబడ్డారు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. "రోగం ఒంట్లో పాకకముందే పట్టీ మాడ్చేసింది. ఒంటికి దాని మొహమే తెలీకుండా పోయింది. తనకే తెలియంది పిల్లకేం చెబుతుంది?" అని, అద్దాన్ని బోర్లించి పక్కన పెట్టారు. "నేను మంచిదే చేశాననుకున్నానమ్మా," అన్నారు చివరికి.

నేను చంటిదాన్ని ఇంకాస్త దగ్గరికి తీసుకుని అడిగాను. "పిల్లల పట్టీ సంగతండీ?"

ఆయన దాని మొహంలోకి చూశారు. అది ఆయన చొక్కా బొత్తాం లాగుతోంది. "అది రాదమ్మా. రానివ్వను," అన్నారు.

*

పాక చివర మబ్బు నెమరు వేస్తోంది. లేవబోతూ జిలానీ గారు దాన్ని చూశారు. "దీని మెడలో పట్టీ ఏది?"

"వట్టిపోయిందానికి ఎందుకని మీవోళ్ళే ఇవ్వలేదండి. ఊళ్ళో మిగతావోళ్ళు ముసలివాటిని ఏనాడో అమ్మేసేరు," అంది అత్త.

ఆయన పరుగులాంటి నడకతో వెళ్ళి ఒక బొట్టు రక్తం తీశారు. అద్దం మీద వేశారో లేదో, ముందు ఒక చుక్క వెలిగింది. తర్వాత రెండు. తర్వాత బొరుగులు వేగినట్టు టపటపా అద్దమంతా నిండిపోయాయి. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు.

"ఇది గొంతువాపు," అన్నారాయన ఒక చుక్క మీద వేలు పెట్టి.

"పెద్ద వరదొచ్చిన ఏడండి అది," అన్నాను. "పశువుల్ని గట్టు మీద కట్టేం. అమ్మ నన్నూ గట్టు మీదే పడుకోబెట్టి గొడుగు పట్టింది."

"ఇది గాలికుంటు."

అది చెప్పక్కర్లేదు. ఆ చుక్క అన్నిటికంటే పెద్దగా ఉంది.

"ఇదేంటో నాకూ తెలీదు. ఈ రకం గుర్తు ఎక్కడా చూడలేదు."

"ఏ కాలంలో వచ్చిందో తెలుత్తాదాండీ?"

"చాలా చిన్నతనంలో."

నాకు తెలిసింది. మా పడమటి పల్లంలో ఒక మడుగు ఉండేది. తొలకరికి ఆ గట్టున మేసిన దూడలకి ఒళ్ళు సెగలు కక్కేది. నాన్న దాన్ని మడుగుసెగ అనేవాడు. వాటికి చద్దన్నంలో వాము కలిపి పెట్టేవాడు. ఆ పల్లం గోదారిలో కలిసిపోయి ఎన్నాళ్ళో అయింది. ఆ మడుగు ఎక్కడుండేదో చెప్పడానికి ఇప్పుడు నాన్న కూడా లేడు. అయినా అది మబ్బు ఒంట్లో ఉంది. సన్నగా, నీలంగా మిణుకుమంటోంది. మా వరదా, మా ముళ్ళకంపా, మా జోరీగలూ, అన్నీ అక్కడే ఉన్నాయి. నాన్న వేలుపెట్టి చూపించినా ఎవరికీ కనబడని ఊరు ఆ అద్దంలో అందరికీ కనబడుతోంది.

"వీటిని తోడి దూడ ఒంట్లో పోయొచ్చు," అన్నారు జిలానీ గారు. "అమ్మమ్మే కాబట్టి ఒళ్ళు ఒప్పుకుంటుంది. లేత ఒంట్లో పట్టుకుంటే అవి పెరుగుతాయి కూడా. అలా పెరిగినవి ఏ దూడకైనా పడతాయి, అప్పుడు దాన్నుంచి ఊళ్ళో దూడలన్నిటికీ కాస్త కాస్త ఇవ్వొచ్చు. ముసలి ఒంట్లో ఇక పెరగవు."

"తోడండి మరి," అంది వరాలు.

"తోడితే దీనికి మిగలవు." ఆయన నా వైపు చూసి చెప్పారు.

"సగం తోడండి," అన్నాను.

"సగం పోస్తే దూడలో పట్టుకోదమ్మా."

"తర్వాత పట్టీ కట్టొచ్చుగా?"

"కడతాను. కానీ కొత్త రక్తానికి పట్టీ అలవాటు పడాలంటే వారాలు పడుతుంది. అప్పటిదాకా ఇది అప్పుడే పుట్టిన దూడతో సమానం. ఈగ వాలినా ప్రమాదమే. నీ దగ్గర దాచను."

రోజూ మబ్బుని ఆడిపోసుకునే మా అత్త అడ్డంగా వచ్చి నిలబడింది. "కుదరదండి. అరణపు గేదెని చేతులారా చంపుకుంటే ఆడదానికి పుట్టింటి దారి మూసుకుపోద్ది. దూడలు పోతే మళ్ళీ పుడతాయి."

"మళ్ళీ పుట్టినా ఇలాగే పోతాయి కదత్తా."

"నోర్ముయ్. నీకున్నదేటి, అదొక్కటే కదే!"

మా ఆయన రాటకి ఆనుకుని నిలబడ్డాడు. "నీ గేదె. నువ్వేటంటే అదే," అన్నాడు.

దూడ మోకాళ్ళ మీద వాలిపోయింది. లేవబోయి మళ్ళీ వాలింది. మబ్బు మెడ చాచి దాని వీపు నాకసాగింది. నాలుక అందినంత మేరా నాకి, అందని చోటికి పలుపు బిగుసుకునేదాకా జరిగింది. అమ్మ ఉంటే ఏమనేదో నేను ఆలోచించక్కర్లేకపోయింది. ముందు దూడ. మనకి మిగులు.

"తోడండి," అన్నాను.

*

తుంటి ఎముక దగ్గర వెంట్రుకలు గీసి, మత్తు ఇచ్చి, సూది దించారు. నేను గంగడోలు నిమురుతూ నిలబడ్డాను. మబ్బు నెమరు ఆపలేదు. గొట్టంలోంచి లేత పసుపు రంగులో ఏదో మెల్లగా సీసాలోకి దిగింది. సన్నటి తీగతో మబ్బు మెడకి తగిలించిన అద్దం మీద చుక్కలు ఆరిపోవడం మొదలైంది. వరద ఆరింది. గొంతువాపు ఆరింది. గాలికుంటు చాలాసేపు రెపరెపలాడింది. మడుగుసెగ ఆరేటప్పుడు చూడలేక తల తిప్పుకున్నాను. తిరిగి చూసేసరికి అద్దం నల్లగా ఉంది. గుప్పెట్లో పట్టేంత సీసా మాత్రం నిండింది.

దాన్ని దూడ మెడ నరంలోకి ఎక్కించారు.

"ఎప్పటికి తెలుత్తాదండీ?"

"జ్వరం వస్తే పట్టుకున్నట్టు. రాకపోతే లేదు."

జిలానీ గారు ఆ రాత్రికి బడి అరుగు మీదే పడుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఇంటింటికీ తిరిగి, చూడి గేదెల మెడల్లో పట్టీలు తనే విప్పారు. అవి ఇక బురదలో దిగాలి, ఈగల మధ్య మెయ్యాలి, జబ్బు పడితే పడాలి. కొన్ని తట్టుకోకపోవచ్చని కూడా ఆయన ఏ గుమ్మంలోనూ దాచలేదు. ఒకరిద్దరు తిట్టారు. తలొంచుకుని పడ్డారు.

మబ్బు చెవి వెనక ఈగ కరిచినంత చిన్న గాటు ఉంది. అది అంతకుముందు రోజుదే. పొద్దుటికి ఉబ్బింది. మధ్యాహ్నానికి మబ్బు పడుకుంది. దోమతెర కట్టాం, వేపాకు పొగ వేశాం, ఇంకా అలవాటు పడని కొత్త పట్టీ మాత్రం ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. అది పెద్దగా బాధపడలేదు. నా ఒళ్ళో తల బరువుగా వాల్చి, ఒక్కసారి పొడుగ్గా ఊపిరి వదిలింది. అంతే.

ఏటిగట్టున, నీళ్ళు కనబడేచోట గొయ్యి తవ్వారు. సూరాయమ్మ పసుపూ కుంకుమా తెచ్చింది. మట్టి కప్పడం అయ్యాక కూడా నేను అక్కడే కూర్చున్నాను. ఎదురుగా గోదారి, దానికి అవతల ఎక్కడో రెల్లులంక ఉండిన చోటు. ఇన్నాళ్ళూ అటు చూస్తే నాకు పాక కనిపించేది. ఆ సాయంత్రం నీళ్ళు కనిపించాయి.

గట్టు మీద మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. "అమ్మ రమ్మంటంది. దూడ…" అన్నాడు. ఆయాసంతో మిగతా మాట రాలేదు.

అది కూడా పోయిందనుకున్నాను. ఎలా పరిగెత్తానో తెలీదు. పాకలో అత్త ఒక చంకలో చంటిదాన్ని ఎత్తుకుని, ఇంకో చేత్తో తడిగుడ్డ పిండి దూడ నుదుటి మీద వేస్తోంది.

"సూడు, ఒళ్ళు పెనంలా కాలిపోతంది! ఏటి చేసేడే ఆ డాక్టరు?"

దూడ చెవులు పట్టుకున్నాను. కాలుతున్నాయి. మెడ, పొట్ట, తొడలు, ఎక్కడ చెయ్యి వేసినా సెగే. ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతోంది.

"జ్వరం!" అని అరిచాను. "డాక్టర్ గారండోయ్, జ్వరమొచ్చిందండీ!"

జిలానీ గారు ఒంటి చెప్పుతో వచ్చారు. థర్మామీటరు పెట్టి, తీసి, వెలుగులోకి పట్టి చూశారు. నాకు చూపించారు. నాకు కళ్ళలో నీళ్ళు నిండి అంకెలు కనబడలేదు. నేను నవ్వుతున్నాను. ఆయనా నవ్వుతున్నారు. గుమ్మంలో వరాలు ముక్కు చీదుతూ నవ్వుతోంది.

"జ్వరమొత్తే నవ్వుతారేటి? అందరికీ ఒకేసారి పిచ్చెక్కిందా?" అంటూ అత్త ఇంకోసారి గుడ్డ తడపబోయింది.

ఆవిడ చేతిలోంచి గుడ్డ లాగేసుకున్నాను. "ఒద్దత్తా. కాలనియ్యి."

దూడ పక్కనే నేల మీద కూర్చున్నాను. అత్త చంటిదాన్ని కూడా దింపింది. అది గడ్డిలో పాకుతూ వచ్చి దూడ తోక పట్టుకుంది. నేను చూస్తూ ఊరుకున్నాను. దూడ వణుకుతూనే తల పైకెత్తి, నా అరచేతిని మొరటుగా ఒక కుమ్ము కుమ్మి, పాలకోసం వెతుక్కోవడం మొదలెట్టింది.